మూగబోయిన జేసీ-120: పవర్ ట్రాన్సిస్టర్లు కొనే ముందు చూడవలసినవి

ముందు మీ జేసీ-120 గిటార్ యాంప్లిఫయర్ (యాంప్) ప్లగ్ తీసి పక్కన పెట్టండి. ఈ సమాధానం చివరిదాకా చదివేవరకు యాంప్‌ను మళ్లీ ఆన్ చేయవద్దు. "ఇంకొక్కసారి పెట్టి చూద్దాం" అనే ఉబలాటంతోనే చాలా పాత యాంప్‌ల స్పీకర్లు కాలిపోయాయి. అందులో ఒకటి నా చేతుల్లోనే కాలింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

మీరు రాసిన వివరాలను ఒకసారి పేర్చుకుందాం. ఓడ ఉద్యోగం చేసిన మీ మేనమామగారు 1980ల మొదట్లో జపాన్‌లో కొని విశాఖకు తెచ్చిన రోలాండ్ జేసీ-120 ఇది. ఇరవై ఏళ్లకు పైగా చర్చిలో వాయించారు. ఆ తరువాత పదిహేనేళ్లు సముద్రపు గాలి తగిలే మేడగదిలో ఉండిపోయింది. పోయిన నెల స్టెప్‌డౌన్ (వోల్టేజి తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్‌తో ఆన్ చేస్తే శబ్దం ఒక స్పీకర్‌లోనే వచ్చింది, దాని వెనకాల గుయ్యిమని హమ్, కోరస్ (ఒకే గిటార్ కొన్ని కలిసి మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) స్విచ్ ఎటు తిప్పినా తేడా లేదు. రిపేరు దుకాణంలో పైమూత కూడా తీయకుండానే "పవర్ ట్రాన్సిస్టర్లన్నీ మార్చాలి, కోరస్ ఐసీ పోయింది" అన్నారు. ఇప్పుడు మీరు ఆ ఐసీ (కోరస్ శబ్దాన్ని తయారుచేసే చిప్పు) కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నారు.

మీకు మూడు జబ్బులు కనిపిస్తున్నాయి. నా లెక్కలో ఉన్నవి ఒకటిన్నర.

జేసీ-120 నిర్మాణం తెలిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది. 1975లో వచ్చిన ఈ యాంప్‌లో 12 అంగుళాల స్పీకర్లు రెండు, ఒక్కో స్పీకర్‌కు విడిగా 60 వాట్ల పవర్ యాంప్ (స్పీకర్‌ను నడిపే భాగం) ఒకటి. కోరస్ పెట్టినప్పుడు ఒక స్పీకర్‌లో గిటార్ శబ్దం ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. రెండో దానిలో అదే శబ్దం కొద్దిగా ఆలస్యమై, శ్రుతి సన్నగా ఊగుతూ వస్తుంది. ఆ రెండూ యాంప్ లోపల కలవవు. మీ గదిలో, గాలిలో కలుస్తాయి. ఆ విశాలమైన, తళతళలాడే శబ్దమంతా ఆ కలయిక వల్లే. మరుసటి ఏడాది బాస్ (Boss) అనే బ్రాండ్ పేరుతో వచ్చిన సీఈ-1 పెడల్‌లో ఉన్నది కూడా ఈ కోరసే.

ఇప్పుడు ఊగే శబ్దాన్ని మోసే వైపు మూగబోయిందనుకోండి. మిగిలేది ఊగని వైపు ఒక్కటే. కోరస్ స్విచ్ ఎంత తిప్పినా మీ చెవికి తేడా తెలియదు. ఐసీ లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, దాన్ని వినిపించే గొంతు లేదంతే. ఒకవేళ ఊగని వైపే పోయి ఉంటే, కోరస్ పెట్టగానే శ్రుతి వణుకుతూ విడిగా వినిపించేది. మీకు అలా వినిపించలేదు. అంటే "ఒక వైపు పోయింది", "కోరస్ పోయింది" అన్నవి రెండూ ఒకే జబ్బు కావడానికి అవకాశం ఎక్కువ. ఐసీ చచ్చిందనడానికి ఇప్పటికి ఒక్క సాక్ష్యమూ లేదు.

ఇక దుకాణంవారి ఇంకో తీర్పు, పవర్ ట్రాన్సిస్టర్ల సంగతి. నెల కిందట మీరు ఆన్ చేసినప్పుడు మెయిన్ ఫ్యూజు పోలేదు, ఒక వైపు మోగింది. పవర్ ట్రాన్సిస్టర్లు షార్టయి ఉంటే యాంప్ అంత మర్యాదగా ప్రవర్తించదు. లోపలి ఫ్యూజు ఒకటి పోయి ఆ వైపు విడిపడి ఉండవచ్చు, కాదనను. కానీ దానికంటే ముందు అనుమానించవలసిన చవక వస్తువులు చాలా ఉన్నాయి. పాత ట్రాన్సిస్టర్ యాంప్‌లో వయసు మీదపడేది ట్రాన్సిస్టర్లకు కాదు. లోపల తడి ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు, కదిలే జాక్‌లకు, స్విచ్‌లకు, పాట్‌లకు (వాల్యూమ్ లాంటి తిప్పుడు గుండీల కింది రెసిస్టర్లు), వేడెక్కి చల్లారే సోల్డర్ అతుకులకు. ట్రాన్సిస్టర్ పోయిందంటే సాధారణంగా వీటిలో ఏదో ఒకటి దాన్ని చంపి ఉంటుంది. చంపినదాన్ని వదిలేసి కొత్త ట్రాన్సిస్టర్ వేస్తే అదీ పోతుంది.

అందుకే మొదటి పరీక్షకు యాంప్ విప్పనక్కర్లేదు. వెనుక నుంచి చెయ్యి పెట్టి మూగ స్పీకర్ వైర్లు రెండూ ఊడదీయండి. మల్టీమీటర్‌తో స్పీకర్ కాయిల్ చూడండి, 8 ఓమ్‌ల స్పీకర్ 6 నుంచి 7 ఓమ్‌లు చూపాలి. తరువాత ఒక 1.5 వోల్టుల టార్చిలైటు బ్యాటరీని క్షణంపాటు ఆనించండి. కోన్ టక్కున ముందుకో వెనక్కో కదిలితే స్పీకర్ బతికే ఉంది. వైరు చివర ఉండే తొడుగు క్లిప్పును కూడా పరిశీలించండి. విశాఖ గాలికి ఆకుపచ్చ చిలుము పట్టి అది పైకి తగిలినట్టే ఉండి లోపల తగలకుండా పోవడం నేను చాలాసార్లు చూశాను. జబ్బు అక్కడే ఉంటే మీ ఖర్చు కాస్త ఎమెరీ కాగితం. కాయిల్ తెగి ఉంటే మాత్రం ఆగండి. కాయిల్ దానంతట అది తెగడం అరుదు. ఆ వైపు యాంప్ డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) పంపి కాల్చి ఉండవచ్చు. అక్కడ బాగున్న స్పీకర్ తగిలిస్తే అదీ పోతుంది.

ఇక కరెంటు. జపాన్ ఇళ్లలో వచ్చేది 100 వోల్టులు, మనకు 230. వెనుక పలక మీద 100 అని ఉంటే మీ దగ్గరున్న స్టెప్‌డౌన్ ఎంత ఇస్తోందో కొలిచారా? మన దగ్గర దొరికేవాటిలో ఎక్కువ భాగం అమెరికా వస్తువుల కోసం చేసినవి, 110 ఇస్తాయి. రాత్రి లోడు తగ్గి గోడలో 245 వచ్చిందంటే అదే స్టెప్‌డౌన్ 117 ఇస్తుంది. 100 వోల్టుల యాంప్‌కు అది 17 శాతం అధికం. ఉదాహరణకు లోపల ప్లస్ 40, మైనస్ 40 వోల్టులు ఉండవలసిన డీసీ 47 దాకా ఎక్కుతుంది. అక్కడ 50 వోల్టుల కెపాసిటర్లు ఉంటే ఇరవై ఏళ్లపాటు అవి గోడ అంచున నడిచినట్టే. మీకు వినిపిస్తున్న హమ్‌కు మూలం ఇదే అయినా ఆశ్చర్యపోను. ముందు ఆ స్టెప్‌డౌన్‌ను మార్చండి. సరిగ్గా 100 ఇచ్చేది, 300 వీఏకు తగ్గనిది చుట్టించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లు విశాఖలోనూ విజయవాడలోనూ ఇంకా ఉన్నారు. చుట్టించేటప్పుడు ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వద్దని, ప్రైమరీ (గోడ వైపు చుట్టు), సెకండరీ (యాంప్ వైపు చుట్టు) విడివిడిగా కావాలని చెప్పండి.

చర్చిలో వాయించేటప్పుడు పెదవి మైకుకు తగిలితే చురుక్కుమనేదని మీ అమ్మగారు చెప్పినట్టు రాశారు. దాన్ని పాత జ్ఞాపకం కింద వదిలేయకండి. జపాన్ ప్లగ్‌కు రెండు చదును పిన్నులే, ఎర్త్ లేదు. గిటార్ తీగలు కేబుల్ షీల్డ్ మీదుగా ఛాసిస్‌కు (యాంప్ లోహపు చట్రం) కలిసి ఉంటాయి, మైకు పీఏ (హాలు మైకు సెట్టు) ఎర్త్‌కు కలిసి ఉంటుంది, మధ్యలో మనిషి. మూడు కోర్ల కేబుల్ వేయండి. పచ్చ వైరును ఛాసిస్‌కు విడి బోల్టుతో, పళ్ల వాషర్ పెట్టి, రంగు గీకిన చోట బిగించండి. ట్రాన్స్‌ఫార్మర్ స్క్రూకో పాట్ వెనక్కో కలపవద్దు. ఎర్త్ వేశాక పీఏతో కలిపినప్పుడు కొత్త హమ్ వస్తే ఎర్త్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ సలహా వినకండి. ఆ హమ్‌ను సిగ్నల్ వైపు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో తీయాలి.

ఛాసిస్ బయటికి తీసేముందు ప్రతి వైరుకూ ఫొటో తీసుకోండి, ముఖ్యంగా రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) స్ప్రింగుల డబ్బాకు వెళ్లే రెండింటికీ. అవి తారుమారైతే రివర్బ్ రాదు, మీరు లేని జబ్బును వెతుక్కుంటారు. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లలో చార్జి ఉంటుంది. 470 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌ను ఒక్కోదాని కొసలకు ఇరవై సెకన్లు ఆనించి, మీటర్‌తో సున్నా అయిందని చూసుకోండి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించే అలవాటు మన దుకాణాలలో ఉంది. దానివల్ల కెపాసిటర్‌కూ మంచిది కాదు, కంటికీ కాదు.

ఇప్పుడు సోల్డరింగ్ ఇనుము ముట్టుకోకుండా అరగంట కేవలం చూడండి. ఫ్యూజులన్నీ తీసి చదవండి. వాటిలో ఒకదాని చుట్టూ రాగి పోగు చుట్టి ఉంటుందని నా పందెం. చర్చి కార్యక్రమం మధ్యలో ఫ్యూజు పోతే చేసే పని అదే. గాజు లోపల నల్లగా మసి పట్టిందంటే షార్టు వల్ల పేలింది. గాజు తేటగా ఉండి తీగ మధ్యలో విరిగి ఉంటే వయసు కావచ్చు. పెద్ద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో, అడుగున జిగట కారిందేమో చూడండి. కెపాసిటర్లు కదలకుండా బోర్డు మీద పూసిన జిగురు గోధుమరంగుకు తిరిగి ఉంటే దాన్ని అనుమానించండి. ఆ కాలపు జపాన్ పరికరాలు చాలావాటిలో ఈ జిగురు లేత పసుపుగా ఉండేది. ఏళ్ల తరబడి వేడికి ముదిరి, తేమ పీల్చుకుని, పక్కన ఉన్న రెసిస్టర్ కాళ్లను తింటుంది, కొన్నిసార్లు కరెంటును కూడా పారనిస్తుంది. చెక్క పుల్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపికగా గీకి తీసేయాలి.

తరువాత బోర్డు వెనుక భాగం. దీపం పక్కనుంచి వాలుగా పడేలా పెట్టి, భూతద్దంతో జాక్‌ల కాళ్లు, పెద్ద రెసిస్టర్లు, పవర్ ట్రాన్సిస్టర్ల కాళ్లు చూడండి. అతుకు మధ్యలో కాలి చుట్టూ వెంట్రుకంత నల్లటి వలయం కనిపిస్తే అది పగిలిన అతుకు. గిటార్ ప్లగ్‌ను వేలసార్లు దూర్చి లాగితే ఆ బలమంతా పడేది జాక్ కాళ్ల మీద, పవర్ ట్రాన్సిస్టర్ కాళ్లను వేడి లాగి వదులుతుంది. పాత సోల్డర్ పీల్చేసి 60/40 సోల్డర్‌తో కొత్తగా పెట్టండి. మొబైల్ బోర్డులకు వాడే సన్న ఇనుముతో ఈ లావు అతుకులు కరగవు. పైన మెరిసి లోపల చల్లగా ఉండే ఇంకో డ్రై సోల్డర్ తయారవుతుంది. కనీసం 40 వాట్ల ఇనుము, వెడల్పు మొన.

ఇక ఈ యాంప్‌కే ప్రత్యేకమైన సౌకర్యం, నాకు ఇది ఇష్టం కావడానికి కారణం. లోపల ఒకేలాంటి పవర్ యాంప్‌లు రెండు, కవల పిల్లల్లా. ఒకటి పనిచేస్తోంది. ఇంతకన్నా మంచి సర్వీస్ మాన్యువల్ మీకు దొరకదు. కరెంటు లేకుండా, మీటర్‌ను డయోడ్ పరీక్షలో పెట్టి, పని చేసే వైపు ఒక పాయింటు, మూగ వైపు అదే పాయింటు, ఇలా జతలు జతలుగా కొలిచి కాగితం మీద రెండు వరుసలుగా రాసుకోండి. పవర్ ట్రాన్సిస్టర్ల కలెక్టర్, ఎమిటర్ కాళ్ల మధ్య, డ్రైవర్ల (పవర్ ట్రాన్సిస్టర్లను నడిపే ట్రాన్సిస్టర్లు) మూడు కాళ్ల మధ్య, ఎమిటర్ దగ్గర ఉండే ఒక ఓమ్‌కు తక్కువ సిమెంటు రెసిస్టర్లు, ఔట్‌పుట్ నుంచి ప్లస్‌కు, మైనస్‌కు, గ్రౌండ్‌కు. రెండు వరుసలలో అంకెలు ఎక్కడ విడిపోతాయో జబ్బు అక్కడ ఉంటుంది. సర్క్యూట్ పూర్తిగా అర్థం కాకపోయినా ఈ పద్ధతి పని చేస్తుంది. హైదరాబాద్‌లో నా బల్ల మీదికి వచ్చిన జేసీలలో సగానికి పైగా ఇలాగే పట్టుకున్నాను.

కొలిచాక ఒక ట్రాన్సిస్టర్ నిజంగానే షార్టయినట్టు తేలిందనుకుందాం. అప్పుడు ఆ ఒక్కదాన్ని మార్చి ఆన్ చేయడం నేను చేసిన తప్పు. కాకినాడలో పని నేర్చుకుంటున్న రోజులు. పెళ్లి ఆర్కెస్ట్రావాళ్ల యాంప్ ఒకటి వచ్చింది, లోపల 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు. రెండూ షార్టు. కొత్తవి బిగించి, సాయంత్రం కచేరీ ఉందన్న తొందరలో స్పీకర్ తగిలించే స్విచ్ వేశాను. ధుప్‌మని ఒక్క శబ్దం. కోన్ ముందుకు పొడుచుకువచ్చి అలాగే నిలబడిపోయింది. రెండు క్షణాలు నేనూ అలాగే నిలబడ్డాను, తరువాత లక్క కాలిన వాసన. బయాస్ ట్రాన్సిస్టర్ (పవర్ ట్రాన్సిస్టర్లలో ఊరికే పారే కరెంటును అదుపులో ఉంచేది) లోపల తెగి ఉంది, అది తెగినందువల్లే పాతవి పోయాయి, కొత్తవీ పోయాయి. లెక్క వేసి చూడండి: 40 వోల్టుల డీసీ, 6 ఓమ్‌ల కాయిల్, అంటే దాదాపు 266 వాట్లు. అందులో ఒక్క వాటు కూడా శబ్దం కాదు, అంతా వేడే. ఆ స్పీకర్ ఖరీదు నా రెండు నెలల జీతంలో పోయింది.

అందుకని పవర్ ట్రాన్సిస్టర్ పోతే డ్రైవర్లు, బయాస్ ట్రాన్సిస్టర్ లేదా డయోడ్లు, ఎమిటర్ రెసిస్టర్లు, బయాస్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్) ఇవన్నీ చూశాకే కొత్తది వేయాలి. ఆ ప్రీసెట్ చిన్న వస్తువే కానీ ప్రమాదకరం. దాని మధ్య కాలు తుప్పు పట్టి ఎత్తుకుంటే కొన్ని సర్క్యూట్లలో కరెంటు ఒక్కసారి ఆకాశానికి పోతుంది. ముప్పై పైసల పాత ప్రీసెట్‌ను శుభ్రం చేసి వాడుకోవాలని చూడకండి, మార్చేయండి. ట్రాన్సిస్టర్ కింద మైకా వాషర్ చిట్లి ఉంటే అదీ మార్చి, రెండు వైపులా హీట్‌సింక్ కాంపౌండ్ పల్చగా రాసి బిగించండి. బిగించాక ట్రాన్సిస్టర్ లోహానికీ హీట్‌సింక్‌కూ మధ్య మీటర్ ఏమీ చూపకూడదు.

విడిభాగాల గురించి రెండు మాటలు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో అడిగితే ఏ నంబరైనా "ఉంది" అంటారు. ఇచ్చేది అదేనా అన్నది వేరే విషయం. నకిలీ పవర్ ట్రాన్సిస్టర్‌ను ఒకదాన్ని కోసి చూశాను. అంత పెద్ద లోహపు టోపీ కింద నువ్వుగింజంత చిప్పు ఉంది. గట్టిగా వాయించిన మొదటి పాటకే పోయే సరుకు. కాస్త ఎక్కువ పెట్టి బిల్లు ఇచ్చే పెద్ద పంపిణీదారుల దగ్గర కొనండి. చిన్న ట్రాన్సిస్టర్లలో ఇంకో ఉచ్చు ఉంది. జపాన్ చిన్న ట్రాన్సిస్టర్ మీద సీ1815 అని మాత్రమే రాసి ఉంటుంది, ముందు 2ఎస్ అని చేర్చి చదువుకోవాలి. చదును ముఖం మన వైపు పెట్టి చూస్తే దాని కాళ్లు ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. దుకాణంలో "అదే పని చేస్తుంది" అని చేతిలో పెట్టే బీసీ547లో కలెక్టర్, బేస్, ఎమిటర్. కాళ్లు మెలిపెట్టకుండా అదే రంధ్రాలలో దూరిస్తే బాగున్న బోర్డు కూడా పాడవుతుంది.

కెపాసిటర్ల విషయంలో నాది నడిమి మార్గం. కొందరు ఉన్నవన్నీ పీకి కొత్తవి వేస్తారు, రెండు వందల కొత్త అతుకులతో ఇరవై కొత్త తప్పులు తెచ్చుకుంటారు. మెయిన్ ఫిల్టర్ కెపాసిటర్లు రెండూ, అదనపు వోల్టేజి పడిన చరిత్ర ఉంది కాబట్టి, కళ్లు మూసుకుని మార్చండి. అదే విలువ, వోల్టేజి ఒక మెట్టు ఎక్కువ, 105 డిగ్రీల రకం. ప్రీ యాంప్‌కు (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) వెళ్లే ప్లస్, మైనస్ 15 వోల్టుల తరహా సరఫరాలోని చిన్నవాటినీ మార్చండి. మిగతా ఎలక్ట్రోలైటిక్‌లను ఈఎస్ఆర్ మీటర్‌తో (కెపాసిటర్ లోపలి నిరోధాన్ని కొలిచేది) కొలిచి, బాగాలేనివే తీయండి. ఫిల్మ్, సిరామిక్ కెపాసిటర్లను ముట్టుకోకండి, అవి మీకంటే ఎక్కువ కాలం ఉంటాయి. పాట్‌లు తిప్పితే బరబరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. డబ్ల్యూడీ-40 కొట్టవద్దు, అది తలుపు బందులకు. క్లీనర్ కొట్టాక కూడా ఒక పాట్ మాత్రం గొణుగుతూనే ఉంటే తప్పు దానిది కాకపోవచ్చు, దాని ముందున్న కప్లింగ్ కెపాసిటర్ డీసీని కారుస్తూ ఉండవచ్చు.

హమ్‌ను చెవితోనే విడదీయవచ్చు. శ్రుతి చేసిన గిటార్ మీద ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. అది 98 హెర్ట్జ్. యాంప్ హమ్ దాదాపు ఆ స్వరంలోనే ఉంటే 100 హెర్ట్జ్, అంటే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) తరువాతి ఫిల్టర్ కెపాసిటర్లు నీరసించాయి. సరిగ్గా ఒక స్థాయి కింద మంద్రంగా ఉంటే 50 హెర్ట్జ్, ఎర్త్ లేదా వైరింగ్ సంగతి. వాల్యూమ్ సున్నా చేసినా తగ్గకపోతే పవర్ యాంప్ వైపు, తగ్గితే ప్రీ యాంప్ వైపు. దీనికీ, మంచు కురిసినట్టు వినిపించే సన్నని హిస్‌కూ సంబంధం లేదు. జేసీలలో ఆ హిస్ కొంత పుట్టుకతోనే ఉంది. దాన్ని తగ్గించాలని ఆప్ యాంప్ చిప్పులన్నీ మార్చేవాళ్లున్నారు. మార్చిన రెండు వాటిని నేను మళ్లీ పాతవాటికే తిప్పాను, ఒకటి రేడియో తరంగాలు పట్టుకోవడం మొదలుపెట్టింది.

అన్నీ అయ్యాక ఆన్ చేయడం. సీరీస్ బల్బు లేకుండా చేయవద్దు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ కానీ సీఎఫ్ఎల్ కానీ పనికిరావు. కిరాణా దుకాణాలలో దొరకడం తగ్గింది, పూజా సామగ్రి దుకాణంలోనో కోళ్ల ఫారం సామాను అమ్మేచోటో అడగండి. దాన్ని 230 వోల్టుల వైపు, స్టెప్‌డౌన్‌కు ముందు, ఫేజు వైరులో వరుసగా కలపండి. యాంప్‌లో ఎంత షార్టు ఉన్నా ఈ బల్బు గోడ నుంచి దాదాపు పావు ఆంపియర్‌కు మించి పోనివ్వదు. మొదట యాంప్ లేకుండా స్టెప్‌డౌన్‌ను ఒక్కదాన్నే బల్బు మీద పెట్టి, ఎంత మసక వెలుగు వస్తుందో గుర్తుంచుకోండి. అది ట్రాన్స్‌ఫార్మర్ సొంత కరెంటు. ఇప్పుడు స్పీకర్లు రెండూ ఊడదీసిన యాంప్‌ను కలపండి. బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి, రెండు క్షణాలలో ఇందాకటి మసక వెలుగుకు దగ్గరగా దిగితే ఊపిరి పీల్చుకోవచ్చు. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, మళ్లీ రెండు వరుసల కాగితం దగ్గరకు వెళ్లండి.

బల్బు మసకబారాక స్పీకర్ వైర్ల కొసల మధ్య డీసీ కొలవండి, రెండు వైపులా. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే హాయి. 100 దాటితే కారణం వెతకాలి. వోల్టులలో ఉంటే స్పీకర్ దరిదాపులకు కూడా రానివ్వకండి. బల్బు ఉన్నంతసేపు లోపలి వోల్టేజి తక్కువగా ఉంటుంది కాబట్టి ఈ కొలత ఉజ్జాయింపే. 100 వాట్ల బల్బుకు మార్చి ఒకసారి, బల్బు లేకుండా ఇంకోసారి కొలవాలి. బయాస్‌ను సర్వీస్ మాన్యువల్ చెప్పిన విలువకు, పది నిమిషాలు వేడెక్కాక, ఎమిటర్ రెసిస్టర్ మీది మిల్లీవోల్టుల ద్వారా సరిచేయండి. ఆ తరువాతే స్పీకర్. మొదటి గంట మీ జేసీ స్పీకర్ కాకుండా ఏదైనా పాత 8 ఓమ్‌ల స్పీకర్ తగిలించడం నా అలవాటు.

ఇప్పుడు కోరస్ తీర్పు. ప్రీ యాంప్ బోర్డు నుంచి రెండు పవర్ యాంప్‌లకు వచ్చే షీల్డ్ వైర్లను, యాంప్ ఆపి, అటుదిటు ఇటుదటు మార్చండి. ఇంతకాలం పని చేస్తున్న వైపు ఇప్పుడు ఊగే శబ్దాన్ని మోస్తుంది. కోరస్ పెట్టి ఒక తీగ మీటండి. శ్రుతి సన్నగా అలలా ఊగితే ఆ ఐసీ నిక్షేపంగా ఉంది. ఊగకపోతే కూడా ఐసీ మీదికి వెళ్లేముందు వెనుక ఫుట్‌స్విచ్ జాక్‌లను చూడండి. చిలుము పట్టి లోపలి కొసలు అతుక్కుంటే అక్కడే కోరస్ ఆగిపోతుంది.

ఆ ఐసీ గురించి ఇంత జాగ్రత్త ఎందుకంటే, అసలైనది దొరకడం కష్టం. పేరు బకెట్ బ్రిగేడ్. 1969లో ఫిలిప్స్ సంస్థలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతి. ఇల్లంటుకుంటే బావి దగ్గర నుంచి వరసగా నిలబడి కడవలు చేతులు మార్చుతారే, అలా శబ్దాన్ని చిన్న చిన్న కెపాసిటర్ల మీదుగా చేతులు మారుస్తుంది. ఆ పేరు వచ్చింది కూడా అందుకే. మాత్సుషితా చేసిన ఎంఎన్3000 వరుస చిప్పులు ఇప్పుడు తయారు కావడం లేదు, ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో నంబరు చెరిపి మళ్లీ అచ్చువేసినవి బోలెడు. ఎంఎన్3007 అడిగితే ఎంఎన్3207 పంపేవాళ్లూ ఉన్నారు, ఒక్క అంకె తేడాయే కదా అని. మొదటిది 15 వోల్టుల తరహా సర్క్యూట్లకు చేసినది, రెండోది చిన్న వోల్టేజిది, పైగా దాని సరఫరా దిశ తిరగబడి ఉంటుంది. ఒకదాని స్థానంలో ఇంకోటి పెడితే పెట్టిన క్షణమే చచ్చే ప్రమాదం ఉంది. ముందు పాత చిప్పు మీద రాసిన నంబరు చదవండి.

నల్లని తొడుగు చిరుగులు, తుప్పు పట్టిన మూలల రేకులు, మీ మేనమామగారు అంటించిన స్టిక్కరు, వీటిని అలాగే ఉంచండి. తుడిచి వదిలేయండి.

వచ్చే వారం నాకు కావలసింది ఇవి: మూగ స్పీకర్ కాయిల్ ఓమ్‌లు, స్టెప్‌డౌన్ ఖాళీగా ఇచ్చే వోల్టేజి, లోపలి ఫ్యూజుల స్థితి, రెండు వరుసల కాగితం ఫొటో. పవర్ ట్రాన్సిస్టర్ల మీది నంబరు కూడా కనిపించేలా తీయండి. ఐసీకి ఈపాటికే ఆర్డరు పెట్టి ఉంటే, రద్దు చేసుకోవడానికి గడువు ఉందేమో ఇప్పుడే చూడండి.